జారిన పాదానికి ఆపరేషన్: అపోహలు - వాస్తవాలు

కుష్ఠు వల్ల ఫుట్ డ్రాప్ (పాదం పైకి లేవక కిందికి జారిపోవడం) వచ్చినవాళ్లకు ఫిజియోథెరపీ చేయించడం నా పని. వీళ్లు ప్రతి అడుక్కీ ఎత్తు గడప దాటుతున్నట్టు మోకాలు లేపి నడుస్తారు. లేపకపోతే వేళ్లు నేలకు గీసుకుంటాయి.

అపోహ: పాడైన నరం తీసి కొత్త నరం వేస్తారు.

ఈ గందరగోళంలో సగం మన మాటల వల్లే. రక్తనాళాన్నీ నరమే అంటాం, కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే టెండన్‌నూ నరమే అంటాం. పాడైన అసలు నరం మోకాలి కింద, బయటివైపు ఎముకను చుట్టుకుని పోతుంది. ఈ ఆపరేషన్‌లో దాని జోలికి పోరు. పాదాన్ని లోపలికి తిప్పే కండరానికి వేరే నరం ఉంది. ఆ నరం చీలమండ దగ్గర దెబ్బతిని అరికాలు మొద్దుబారినా, కండరానికి వెళ్లే కొమ్మ పైనే విడిపోతుంది కాబట్టి కండరం బతికే ఉంటుంది. దాని టెండన్‌ను విడదీసి, ముందుకు తెచ్చి, రెండు పాయలుగా చీల్చి, పాదం పైనున్న టెండన్లకు కుడతారు.

అపోహ: కట్టు విప్పగానే నడవొచ్చు.

కట్టు 4 నుంచి 6 వారాలు ఉంటుంది. విప్పాక "పాదం పైకెత్తండి" అంటే చాలామందికి ఏమీ కదలదు. "లోపలికి తిప్పండి" అంటే మాత్రం పాదం పైకి లేస్తుంది! మెదడుకు ఇంకా పాత పనే గుర్తు మరి. అందుకే ఆ ఒక్క కండరాన్ని విడిగా బిగించడం ఆపరేషన్‌కు ముందే నేర్పిస్తాం. తర్వాత మంచం మీద, ఆపైన నిలబడి, చివరికి నడకలో. తొందరపడితే కుట్టిన చోట సాగిపోతుంది.

అపోహ: పాదం జారిన వెంటనే ఆపరేషన్ చేయాలి.

6 నెలల లోపైతే ముందు ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మందు వాడి చూస్తారు, కొందరికి బలం తిరిగొస్తుంది. రాకపోతేనే ఆపరేషన్. అప్పటికి రియాక్షన్లు (కుష్ఠులో ఉన్నట్టుండి చర్మం, నరాలు వాచి నొప్పి పుట్టడం) తగ్గి ఉండాలి, కాలికి పుండ్లు ఉండకూడదు. ఏళ్లు గడిచి మడమ వెనక టెండన్ బిగుసుకుపోతే దాన్నీ పొడిగిస్తారు.

కుష్ఠు అంటుకుంటుందేమోనన్న భయం అక్కర్లేదు. దాని మందు మొదలుపెట్టిన కొద్ది రోజుల్లోనే అంటుకునే గుణం పోతుంది.

అపోహ: ఆపరేషన్‌తో స్పర్శ కూడా వస్తుంది.

రాదు. "బాగా నడుస్తున్నానమ్మా" అంటూ వచ్చిన ఒకాయన చెప్పు విడిస్తే లోపల కందిగింజంత రాయి, అరికాల్లో పుండు. రాయి ఎప్పుడు దూరిందో ఆయనకు తెలియదు. పుండు మానేదాకా ఆ కాలు మోపొద్దని చెప్పి, మెత్తటి ఎంసీఆర్ (మైక్రోసెల్యులర్ రబ్బరు) చెప్పులకు కొలతలు తీసుకున్నాం.