విదేశీ విరాళం పక్క సంస్థ ఖాతాలో వేయించుకుంటే ఏమవుతుంది?

ద్వారకానగర్‌లో స్వచ్ఛంద సంస్థల లెక్కలు చూసే నన్ను తరచూ అడిగే ప్రశ్న: "సార్, ఎన్‌ఈడీ అంటే సీఐఏనే కదా? ఆ పేరు మా కాగితాల్లో ఉంటే కేసేనా?"

కాదు. ఎన్‌ఈడీ (నేషనల్ ఎండోమెంట్ ఫర్ డెమోక్రసీ) అంటే ఇతర దేశాల్లో ప్రజాస్వామ్యం కోసం పనిచేసే సంఘాలకు నిధులిచ్చే అమెరికా సంస్థ; 1983లో పెట్టిన ప్రైవేటు లాభాపేక్షలేని సంస్థ. డబ్బు మాత్రం అమెరికా కాంగ్రెస్ ఏటా ఇస్తుంది. సంఘాలకు సీఐఏ రహస్యంగా డబ్బు పంపిన సంగతి 1967లో బయటపడింది కాబట్టి అనుమానం ఊరికే పుట్టలేదు. బ్రిటన్‌కు, తైవాన్‌కు కూడా ఇలాంటి సంస్థలున్నాయి. ఐక్యరాజ్యసమితి ప్రజాస్వామ్య నిధికి మన దేశమే డబ్బిచ్చింది. వాట్సాప్‌లో ఇవేవీ రావు!

అసలు మనుషుల్ని ముంచేది వేరే మాట: "మాకు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ లేదు, ఉన్నవాళ్ల ఖాతాలో వేయించుకుని తీసుకుంటాం." 2020 సవరణతో ఆ దారి మూసేశారు. విదేశీ విరాళం తీసుకున్న సంస్థ దాన్ని ఇంకెవరికీ బదిలీ చేయకూడదు. అవతలివాళ్లకు రిజిస్ట్రేషన్ ఉన్నా కూడదు. అయినా రోజూ ఎవరో ఒకరు "అందరూ చేస్తున్నారండీ" అంటూనే ఉంటారు.

గాజువాకలో ఓటు హక్కు మీద ఆడవాళ్లకు క్లాసులు పెట్టే చిన్న సొసైటీ కార్యదర్శి ఒకావిడ వచ్చారు. ఓ పెద్ద సంస్థ విదేశీ విరాళం తన ఖాతాలో వేయించుకుని, కొంత మినహాయించుకుని మిగతాది కన్సల్టెన్సీ ఫీజు పేరుతో వేస్తానందట. చేయని పనికి ఫీజు రాసినా అది బదిలీయే. టెన్షన్‌తో ఆవిడకు నిద్ర లేదు. "ఇంకా సంతకం పెట్టలేదు కదమ్మా, భయం దేనికి?" అని టీ తెప్పించాను. అప్పుడడిగారు, అమెరికాలో అన్నయ్య సొసైటీకి పంపినా తప్పేనా అని. ఆయనది భారత పాస్‌పోర్టే అయితే, సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకుంటే మాత్రం, పుట్టింది అనకాపల్లిలోనైనా విదేశీ విరాళమే.

మిగతావి చకచకా. చిన్న మొత్తమైతే ఫర్వాలేదన్నది అబద్ధం. రిజిస్ట్రేషన్ ఉన్నా డబ్బు ముందు ఢిల్లీ సంసద్ మార్గ్ ఎస్‌బీఐ ఖాతాకే రావాలి. 2016లో హోం శాఖ ఎన్‌ఈడీని నిఘా జాబితాలో పెట్టింది, కాబట్టి ఆ డబ్బుకు విడిగా అనుమతి కావాలి. పార్టీలు, ఎన్నికల అభ్యర్థులు విదేశీ విరాళం అసలు ముట్టుకోకూడదు.

రిజిస్ట్రేషన్ లేని సొసైటీకి ముందస్తు అనుమతి అనే దారి ఉంది. దాత ఇచ్చే హామీ లేఖ జతచేసి ఎఫ్‌సీ-3బీ అనే దరఖాస్తు పెట్టుకోవాలి. గాజువాక ఆవిడ ఇప్పుడు ఆ లేఖ కోసమే రాశారు.