నత్తకు ముక్కెక్కడ?

చిన్నారులకు ఆశీస్సులు.

"తాతయ్యా, తొట్టిలో ఆ మూల వేసిన ఆకు సంగతి ఈ మూలనున్న నత్తకు ఎలా తెలిసింది? దానికి ముక్కు లేదు కదా!" అని మీలో ఒకరు అడిగారు. ఈ ప్రశ్న పుట్టాలంటే ముందు చాలాసేపు కదలకుండా కూర్చుని నత్తను చూసి ఉండాలి. అందుకే నాకు ఇంత నచ్చింది.

కంటితో చూసి ఉంటుందా? చేపల తొట్లలో పెరిగే చుట్టనత్తకు కళ్ళున్నాయి. కొమ్ముల మొదట్లో కనిపించే రెండు నల్ల చుక్కలే అవి. వాటితో వెలుగూ నీడా తెలుస్తాయి, ఆకును పోల్చుకోవడానికి అవి చాలవు. ఆ పని కొమ్ములది. దారప్పోగుల్లాంటి ఆ రెండు కొమ్ముల చర్మంలో నరాల కొనలు నీళ్ళకు తగిలేలా ఉంటాయి, వాటి చుట్టూ శైలికలు, అంటే కంటికి కనపడని సన్నటి వెంట్రుకల్లాంటివి, ఆడుతుంటాయి. నీళ్ళలో కరిగిన పదార్థం ఏదైనా వచ్చి అక్కడి ప్రొటీన్‌ను తాకిందా, నరం వెంట కబురు లోపలికి వెళుతుంది. నత్త పెదవులు కూడా ఇలాగే రుచి పసిగడతాయి. ఊపిరి రంధ్రం దగ్గర ఆస్ఫ్రేడియం అని ఇంకో చిన్న అవయవం ఉంది, అదీ నీళ్ళను పరీక్షిస్తూ ఉంటుంది. గాలిలో వచ్చేది మనకు వాసన, నాలుకకు తగిలేది రుచి. నీళ్ళలో బతికే నత్తకు ఆ రెంటి మధ్యా గోడ లేదు.

ఇప్పుడు ఒకటి ఊహించుకోండి. రాత్రి కరెంటు పోయింది. ఇంట్లో ఎక్కడో ఒక సంపెంగ పువ్వుంది. దాన్ని వెతకాలి. రెండడుగులు వేసి గాలి పీలుస్తారు. వాసన పెరిగితే అటే సాగుతారు, తగ్గితే వెనక్కి తిరుగుతారు. నత్త చేసేదీ అదే. తల అటూ ఇటూ తిప్పుతూ, కొమ్ములు చాచి, ఘాటు ఎటు ఎక్కువుందో చూసుకుంటూ పాకుతుంది. కిటికీ తెరిచి ఉంటే సంపెంగ వాసన తెరలు తెరలుగా వస్తుంది, ఒకసారి గుప్పుమంటుంది, మరోసారి ఉండదు. పారే నీళ్ళలో నత్త పరిస్థితీ అంతే. మధ్యలో ఎవరైనా అత్తరు సీసా ఒలకబోశారనుకోండి, ఇక పువ్వు దొరకదు. చెరువులోకి సబ్బునీళ్ళు చేరితే నత్తకూ అలాగే దారి తప్పొచ్చు.

ఒక్క తేడా ఉంది. నీళ్ళు అసలు కదలకుండా ఉంటే, చక్కెర అణువు తనంతట తాను ఒక్క సెంటీమీటరు జరగడానికి ఇంచుమించు ఒక రోజు పడుతుంది! కాబట్టి కబురు మోసుకొచ్చేది నీటి కదలికే. చేప తోక ఊపినా, ఓ పక్క నీరు కాస్త వేడెక్కి పైకి లేచినా ఆకు వాసన బయలుదేరుతుంది.

ఆ కబుర్లు తిండి గురించే అనుకోకండి. మంచినీటి నత్తల్లో ఫైసా అని ఒక రకం ఉంది. తోటి నత్తను రొయ్యలాంటి జంతువు నలిపి తింటే, ఆ వాసన తగిలిన నత్తలు నీళ్ళలోంచి పైకి పాకి గట్టెక్కుతాయి. బయోంఫలేరియా గ్లాబ్రాటా అనే నత్త మీద పరిశోధన ఇంకా ఎక్కువగా జరిగింది. అది దక్షిణ అమెరికాలోనూ కరీబియన్ దీవుల్లోనూ ఉంటుంది. దాని రక్తం మన రక్తంలాగే ఎర్రగా ఉంటుంది. 2017లో దాని జన్యువులన్నీ చదివి ప్రచురించారు. వాసన పసిగట్టే ప్రొటీన్లను తయారుచేసేలా కనిపించే జన్యువులు అందులో చాలా దొరికాయి.

ఈ నత్త మీద అంత శ్రద్ధ ఎందుకంటే, మనుషులకు వచ్చే నత్త జ్వరం (షిస్టోసోమియాసిస్) అనే జబ్బుకు కారణమైన పురుగు దాని ఒంట్లో పెరుగుతుంది. ఆ జబ్బు నీటి నత్తల గుండా వస్తుందని 1913లో జపాన్‌లో మియైరి, సుజుకి అనే ఇద్దరు మొదట చూపించారు. వాళ్ళు చూసింది వేరే జాతి నత్త, కథ మాత్రం ఇదే.

మళ్ళీ మన చీకటి ఇంటికి రండి. ఈసారి సంపెంగ పువ్వు నత్తే. వెతికేది ఆ జబ్బు పురుగు పిల్ల. రోగి మలంతో నీళ్ళలో పడిన పురుగు గుడ్డు పగిలి మిరాసిడియం అనే పిల్ల బయటికొస్తుంది. ఒళ్ళంతా శైలికలే, పొడవు మిల్లీమీటరులో ఆరో ఏడో వంతు. అది సెకనుకు రెండు మిల్లీమీటర్ల దాకా ఈదుతుంది. దానికి తిండి లేదు, గుడ్డులోంచి తెచ్చుకున్న శక్తి అయిపోయేలోగా నత్త దొరకాలి. అందుకు కొన్ని గంటలే ఉన్నాయి. నత్త ఒంటి నుంచి చక్కెరలు అతికిన ప్రొటీన్లు నీళ్ళలోకి చేరుతుంటాయి. అవి తగలగానే మిరాసిడియం తిన్నగా ఈదడం మానేసి గిరగిరా తిరుగుతుంది, వాసన తగ్గితే చటుక్కున వెనక్కి మళ్ళుతుంది. అలా వెతికి నత్త చర్మంలో దూరుతుంది.

నాలుగైదు వారాలకు ఆ నత్తలోంచి సెర్కేరియాలు అనే తోక చీలిన పురుగు పిల్లలు రోజుకు వందలూ వేలూ బయటికి వస్తాయి, ఎక్కువగా పగటి వెలుగులో. మనిషి చర్మం నుంచి ఊరే ఆర్జినిన్ అనే పదార్థం వాటిని దగ్గరికి లాగుతుంది, చర్మం మీది కొవ్వు ఆమ్లాలు తగలగానే లోపలికి దూరడం మొదలుపెడతాయి. మెదడంటూ చెప్పుకోదగ్గది లేని ఇంత చిన్న ప్రాణికి ఇన్ని వాసనల మధ్య తనకు కావలసినది ఎలా తెలుస్తుందో తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

నత్త మీద మాత్రం కోపం తెచ్చుకోకండి, పాపం. ఆ పురుగు చేరిన నత్త గుడ్లు పెట్టడం చాలావరకు మానేస్తుంది. అదీ రోగే. నత్తలను చంపడానికి నీళ్ళలో నిక్లోసమైడ్ అనే మందు కలుపుతారు, కానీ దానితో చేపలూ చస్తాయి. నత్తకు నచ్చే వాసన పట్టుకోగలిగితే, మందు చల్లకుండా వాటిని ఒక చోటికి పిలిచి తీసేయొచ్చు. నాకు ఈ దారే నచ్చుతుంది.

ఇక మీరే చూడండి. తొట్టిలో పుట్టి పెరిగిన నత్తనే తీసుకోండి. చెరువు నత్తలు వద్దు, నత్తల కోసం చెరువులో చేతులు పెట్టనూ వద్దు. పక్షులకు పట్టే సెర్కేరియా కూడా మన చర్మంలో దూరి, అక్కడే చచ్చి, దురద పెడుతుంది.

నత్తను ఒక రోజు పస్తుంచండి, కడుపు నిండిన నత్త తిండి వాసనను అంతగా పట్టించుకోదు. ఇరవై సెంటీమీటర్ల తెల్ల పింగాణీ పళ్ళెంలో సెంటీమీటరు లోతున నీళ్ళు పోయండి. కుళాయి నీళ్ళయితే ఒక రోజంతా మూత లేకుండా నిలవ ఉంచితే క్లోరిన్ పోతుంది, క్లోరిన్‌కు బదులు క్లోరమైన్ అనే మందు కలిపిన నీళ్ళయితే అది పోదు. రాగి పాత్రలో ఉంచిన నీళ్ళు అసలే వద్దు, కొంచెం రాగి కూడా నత్తకు విషం. చేతికి సబ్బు ఉంటే బాగా కడిగేసుకోండి.

ఒక పక్క ఉడికించిన పాలకూర ముక్క గోరంత, ఎదురు పక్క అంతే ఉన్న ప్లాస్టిక్ ముక్క పెట్టండి. పావుగంట ఆగి, నత్తను నడిమధ్య మెల్లగా దించి, పళ్ళెం కదపకుండా ఇరవై నిమిషాలు చూడండి. ఒక్కసారి ఆకు దగ్గరికి వెళ్ళినంత మాత్రాన లెక్క కాదు, పదిసార్లు చేయండి. ప్రతిసారీ నీళ్ళు మార్చాలి, లేకపోతే పళ్ళెమంతా ఆకు వాసనే నిండి నత్తకు దిక్కు తెలియదు. అడుగు కూడా తుడవాలి, ఎందుకంటే నత్త పాత జిగురు బాట పట్టుకుని వెళ్ళిపోతుంది. ఆకు పక్కను మారుస్తూ ఉండండి, లేకపోతే వెళ్ళింది ఆకు కోసమో కిటికీ వెలుగు కోసమో చెప్పలేం. అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోండి.

పాకుతున్నప్పుడు గుల్లను కాదు, కొమ్ముల కొనలను చూడండి. ఆకు వైపు మళ్ళేటప్పుడు ఏ కొమ్ము ముందు అటు చాచిందో నాకు రాయండి.

మీ తాతయ్య