నాలుగు లక్షల లోపు సెకండ్ హ్యాండ్ కారు: అపోహలు - వాస్తవాలు

విజయవాడ ఆటోనగర్‌లో నేను ఇరవై రెండేళ్లుగా కార్ల మరమ్మతు షెడ్డు నడుపుతున్నాను. కొనబోయే పాత కారును ఒకసారి చూసి పెట్టమని వారానికి ఇద్దరు ముగ్గురైనా నా దగ్గరకు వస్తారు. వారిలో చాలామంది అప్పటికే అడ్వాన్సు ఇచ్చేసి, కారు బాగుందన్న మాట నా నోట వినడానికే వస్తారు. బాగాలేదని చెప్పవలసి వచ్చినప్పుడు నాకు నిజంగా బాధ కలుగుతుంది, ఎందుకంటే మూడు నాలుగు లక్షలంటే ఆ ఇంట్లో ఏళ్ల తరబడి కూడబెట్టిన సొమ్ము. ఈ బడ్జెట్‌లో మంచి కార్లు దొరుకుతాయి. అయితే కొనేవారి కళ్లు మీటరు రీడింగు మీద, పెయింటు మెరుపు మీద నిలిచిపోతున్నాయి. చల్లని ఇంజిన్ ఎలా స్టార్టవుతుందో, ఆర్సీలో ఏముందో, రేపు ఆ సీట్లలో ఎవరు కూర్చుంటారో చూసేవారు తక్కువ.

అపోహ: రీడింగు తక్కువగా ఉంటే కారు కొత్తదానితో సమానం.

డిజిటల్ మీటర్లు వచ్చాక రీడింగు వెనక్కి తిప్పడం కుదరదని చాలామంది నమ్ముతున్నారు. నిజానికి పాత ముల్లు మీటరును విప్పి తిప్పడం కన్నా ఇప్పుడు లాప్‌టాప్ తగిలించి అంకె మార్చడమే తేలిక. అందువల్ల నేను మీటరును చివరన చూస్తాను. ముందుగా డ్రైవరు వైపు తలుపు తెరిచి, కింద కూర్చుని, పెడళ్లను చూస్తాను. కిందటి నెల 2015 మోడల్ చిన్న కారు ఒకటి వచ్చింది. మీటరులో 31 వేల కిలోమీటర్లు ఉన్నాయి, సీట్లకు కొత్త కవర్లు, స్టీరింగుకు కొత్త తొడుగు ఉన్నాయి. కానీ క్లచ్ పెడల్ రబ్బరు మీది గీతలు పూర్తిగా అరిగిపోయి, ఒక అంచున లోపలి ఇనుము బయటపడింది. స్టీరింగు తొడుగు విప్పి చూస్తే చేతులు ఆనే చోట ప్లాస్టిక్ నున్నగా అద్దంలా మెరుస్తోంది. 31 వేల కిలోమీటర్లకు ఏ కారూ అలా అరగదు.

టైర్లు కూడా అదే సంగతి చెప్పాయి. ప్రతి టైరు పక్క భాగం మీద నాలుగంకెల ముద్ర ఉంటుంది. 2319 అని ఉంటే ఆ టైరు 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. ఆ కారు స్టెప్నీ 2015 నాటిది, మిగిలిన నాలుగూ 2021 నాటివి. కారుతో వచ్చే టైర్లు మామూలుగా 40 వేల కిలోమీటర్ల వరకైనా మన్నుతాయి కాబట్టి, అవి అరిగి, వాటి స్థానంలో వేసినవి కూడా సగానికి పైగా అరిగి ఉన్నాయంటే ఆ 31 వేల అంకెను ఎలా నమ్మగలం? కంపెనీ సర్వీసు సెంటర్‌లో ఆ కారు పాత రికార్డును యజమాని చేతనే అడిగించినప్పుడు, 2019 నాటి సర్వీసులోనే 64 వేల కిలోమీటర్లు నమోదై ఉన్నాయి. రికార్డు తీయించడానికి యజమాని ఇష్టపడకపోతే ఆ బేరం అక్కడితో ఆపడం మంచిది.

నిజంగానే తక్కువ తిరిగిన కార్లూ ఉంటాయి. పిల్లలు విదేశాల్లో స్థిరపడ్డాక మూడేళ్లపాటు సెల్లార్‌లో కదలకుండా నిలబడిన కారులో బ్యాటరీ, రబ్బరు గొట్టాలు, బ్రేకు సిలిండర్లు, ఆయిల్ సీళ్లు వాడకం లేకనే పాడవుతాయి, ఎలుకలు వైరింగు కొరికేస్తాయి. ఏటా సర్వీసు చేయించుకుంటూ 70 వేల కిలోమీటర్లు తిరిగిన పెట్రోలు కారునే నేను దానికన్నా ముందు ఎంచుకుంటాను.

అపోహ: నడిపి చూసినప్పుడు బాగా పరుగెత్తితే ఇంజిన్ బాగున్నట్టే.

ఈ అపోహకు నేనూ ఒకప్పుడు డబ్బు చెల్లించాను. షెడ్డు పెట్టిన కొత్తలో మా బావగారి కోసం ఒక వ్యాపారి దగ్గర కారు చూశాను. మేము వెళ్లేసరికి ఇంజిన్ స్టార్ట్ చేసి ఉంది, హాయిగా నడిచింది, కొనేశాం. మర్నాడు ఉదయం ఇంటి ముందు స్టార్ట్ చేయగానే సైలెన్సర్ నుంచి నీలిపొగ వాకిలంతా కమ్మింది. రాత్రంతా వాల్వ్ సీళ్ల గుండా సిలిండర్లలోకి దిగిన ఆయిల్ ఉదయం కాలింది. వేడెక్కాక ఆ పొగ కనబడదు కాబట్టే మాకు ముందే వేడిచేసి ఉంచారు. ఆ రోజు నుంచి నేను కారు చూడడానికి ఉదయం ఏడు గంటలకే వెళ్తున్నాను, ముందుగా స్టార్ట్ చేయవద్దని కోరుతున్నాను, వెళ్లగానే బానెట్ ఎత్తి ఇంజిన్ మీద చేయి పెట్టి చూస్తున్నాను. వెచ్చగా ఉంటే మరో రోజు వస్తానని చెప్పి వెనుదిరుగుతాను.

చల్లగా ఉన్నప్పుడే కూలెంట్ మూత తీసి చూడాలి. అందులో రంగు కూలెంట్ ఉంటే సరే. తుప్పు రంగు నీళ్లు ఉంటే యజమాని ఏళ్ల తరబడి కుళాయి నీళ్లు పోశాడని, నూనె తెట్టు తేలుతుంటే హెడ్ గాస్కెట్ (ఇంజిన్ పై భాగానికీ బ్లాకుకూ మధ్య ఉండే సీలు) పోయి ఉండవచ్చని అనుమానించాలి. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీస్తే పలచని ఆవిరి రావడం సహజమే గాని, పొగ దమ్ములు దమ్ములుగా ఎగదన్నితే పిస్టన్ రింగులు అరిగినట్టు. తర్వాత ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు మూడో గేరులో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కాలి. ఇంజిన్ మోత పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేటు అయిపోయింది.

అపోహ: డీజిల్ కారు తీసుకుంటే డబ్బు ఆదా.

ఇది తిరిగే దూరాన్ని బట్టి తేల్చవలసిన లెక్క. నెలకు 600 కిలోమీటర్లు తిరిగే కుటుంబాన్ని తీసుకుందాం. పెట్రోలు లీటరు 110 రూపాయలు, డీజిల్ 98 రూపాయలు అనుకుని, పెట్రోలు కారు 16, డీజిల్ కారు 20 కిలోమీటర్ల మైలేజీ ఇస్తాయనుకుంటే, పెట్రోలుకు నెలకు 4,125 రూపాయలు, డీజిల్‌కు 2,940 రూపాయలు అవుతాయి. ఏడాదికి మిగిలేది దాదాపు 14 వేలు. పదేళ్ల డీజిల్ కారులో ఇంజెక్టర్లో, టర్బోనో, హై ప్రెషర్ పంపో ఒక్కసారి మొరాయిస్తే ఆ ఆదా ఒకటి రెండేళ్లది ఒకేసారి పోతుంది. రోజూ గుంటూరు వెళ్లి వచ్చే ఉద్యోగికి డీజిల్ ఇప్పటికీ గిట్టుబాటే. ఫియట్ మూలాలున్న 1.3 లీటర్ ఇంజిన్‌తో వచ్చిన స్విఫ్ట్, డిజైర్ కార్లను మారుతి 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు రావడంతో ఆపేసినా, వాటి విడిభాగాలు దొరుకుతున్నాయి, ఆ ఇంజిన్ తెలిసిన మెకానిక్‌లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. పిల్లలను బడి దగ్గర దింపి మార్కెట్‌కు వెళ్లి వచ్చే వాడకానికి మాత్రం డీజిల్ వద్దు. బీఎస్-6 డీజిల్ కార్లలో పొగ మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది; అది శుభ్రపడాలంటే కారు అప్పుడప్పుడూ హైవే మీద నిలకడగా పరుగెత్తాలి, చిన్న చిన్న దూరాలకే తిరిగితే అది మూసుకుపోతుంది.

చౌకగా వచ్చే ఢిల్లీ డీజిల్ కార్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పదేళ్లు దాటిన డీజిల్ వాహనాలపై 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ అక్కడ ఆంక్ష పెట్టినప్పటి నుంచి అలాంటి కార్లు దక్షిణాదికి వస్తున్నాయి. వాటికి అక్కడి రవాణా శాఖ ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే పత్రం) తేవాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టి కొత్త నంబరు తీసుకోవాలి. ఆ ఖర్చు కలిపాక మిగిలే తేడా చాలాసార్లు అంత శ్రమకు తగినది కాదు. ఖమ్మంలో కొని విజయవాడలో తిప్పాలనుకునే వారికీ ఇదే వర్తిస్తుంది, అది ఇప్పుడు వేరే రాష్ట్రం.

అపోహ: సౌకర్యం కావాలంటే సెడాన్ తీసుకోవాలి.

గుడివాడ నుంచి ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు సతీసమేతంగా వచ్చారు. డిక్కీ ఉన్న కారు అయితేనే హుందాగా ఉంటుందని మాస్టారు ఒక సెడాన్ మాట్లాడుకున్నారు. అమ్మగారికి మోకాళ్ల నొప్పులు. ఆమెను వెనుక సీటులో కూర్చోమన్నాను. కూర్చోవడం కూర్చున్నారు గాని, దిగేటప్పుడు తలుపు పట్టుకుని రెండుసార్లు ప్రయత్నించి, మూడోసారి నా చేయి ఆసరాగా తీసుకుని లేచారు. పక్కనే సర్వీసుకు వచ్చిన వ్యాగన్ఆర్ ఉంటే, యజమాని అనుమతితో అందులో కూర్చోబెట్టాను. సీటు కుర్చీ ఎత్తులో ఉండడం వల్ల కాళ్లు పక్కకు తిప్పి నేల మీద ఆనించి ఎవరి సాయమూ లేకుండా లేచారు. మాస్టారు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

డిక్కీ విషయంలోనూ పేరును చూసి నమ్మకూడదు. 2012 నుంచి 2017 వరకు వచ్చిన డిజైర్ డిక్కీ 316 లీటర్లు. 2019లో వచ్చిన కొత్త వ్యాగన్ఆర్‌ది 341 లీటర్లు. అదే వ్యాగన్ఆర్ అంతకు ముందు తరంలో 180 లీటర్లు మాత్రమే. సామాను ఎక్కువగా మోసే కుటుంబానికి సెడానే కావాలంటే 400 లీటర్ల డిక్కీతో వచ్చిన మొదటి తరం హోండా అమేజ్‌ను చూడవచ్చు. సీఎన్‌జీ సిలిండర్ ఉంటే ఈ లెక్కలన్నీ తారుమారవుతాయి. పైగా ఆ కిట్ ఆర్సీలో నమోదై ఉండాలి, సిలిండర్‌కు మూడేళ్లకోసారి పరీక్ష జరిగి ఉండాలి.

కారులో తిరగబోయే అందరినీ తీసుకెళ్లి, అద్దాలు ఎక్కించి, పాటలు ఆపి, గుంతల రోడ్డు మీద 20, 30 కిలోమీటర్ల వేగంతో నడిపి చూడమని నేను చెబుతాను. అప్పుడే చక్రాల దగ్గరి లోయర్ ఆర్మ్ బుష్షులు (రబ్బరు కీళ్లు), షాక్ అబ్జార్బర్లు కొట్టే టకటక శబ్దం వినబడుతుంది. కొనే మనిషి ఆ సేపు వెనుక సీటులో కూర్చోవాలి.

బడ్జెట్ అనుమతిస్తే 2019 జులై తర్వాత తయారైన కారు చూడండి. ఆ నెల నుంచి డ్రైవరు ఎయిర్‌బ్యాగ్, సీటు బెల్టు హెచ్చరిక, వెనుక పార్కింగ్ సెన్సర్లు తప్పనిసరి అయ్యాయి. గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ బ్రేకులు అంతకు కొద్ది నెలల ముందే తప్పనిసరి అయ్యాయి. అంతకన్నా పాత కార్లలో చవక వేరియంట్లు చాలావాటికి ఇవి ఉండవు.

అపోహ: ఏసీ చల్లబడకపోతే గ్యాస్ నింపిస్తే చాలు.

ఏసీ గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే ఎక్కడో కారుతోంది. కూలింగ్ కాయిల్ కారుతుంటే చాలా కార్లలో డ్యాష్‌బోర్డు మొత్తం విప్పాలి. మే నెల మధ్యాహ్నం పన్నెండింటికి నిలబెట్టి చూడని ఏసీని నేను బాగుందని చెప్పను.

అపోహ: పెయింటు బాగుండి, లోపల శుభ్రంగా ఉంటే కారుకు ఏమీ కాలేదు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ ప్రాంతమంతా మునిగినప్పుడు, నీళ్లు తీశాక మా ఆటోనగర్‌కు లారీల మీద వచ్చిన కార్లను నేను చూశాను. సీట్ల వరకు బురద. ఇన్సూరెన్స్ కంపెనీలు టోటల్ లాస్‌గా, అంటే బాగుచేయించడం గిట్టదని తేల్చిన కార్లు వేలంలో చవకగా అమ్ముడై, కడిగి, ఆరబెట్టి, దూరపు ఊళ్లలో మళ్లీ అమ్మకానికి వస్తాయి. 2015లో చెన్నై, 2020లో హైదరాబాద్ మునిగినప్పుడూ ఇదే జరిగింది. అలాంటి కారు మొదటి ఆరు నెలలు మామూలుగానే నడుస్తుంది. తర్వాత వైరింగు కప్లర్లలో పచ్చని చిలుము పట్టి, ఒకరోజు పవర్ విండో, మరో రోజు స్టీరింగు, ఇంకో రోజు ఇంజిన్ కంట్రోల్ యూనిట్ మొరాయిస్తాయి.

దీన్ని పట్టుకోవడానికి పరికరాలు అక్కర్లేదు. సీటు బెల్టును చివరిదాకా బయటకు లాగండి. ఎవరూ కడగని ఆ చివరి అడుగు మీద బురద చార కనిపిస్తుంది. సీట్ల కింద పట్టాల బోల్టులు తుప్పు పట్టి ఉంటాయి. స్టెప్నీ గుంతలో మూలల్లో ఒండ్రు మిగిలి ఉంటుంది. లోపల సెంటు వాసన గుప్పుమంటే నేను మ్యాట్లు తీసి కార్పెట్ కింద చేయి పెట్టి చూస్తాను. ఇన్సూరెన్స్ పాలసీ నంబరుతో పాత క్లెయిముల వివరాలు అడిగించండి. ధర ఎంత తగ్గించినా తక్కువ బడ్జెట్‌తో కొనేవారు మునిగిన కారు జోలికి వెళ్లకూడదని నా గట్టి అభిప్రాయం.

అపోహ: ముందు కారు తీసుకుందాం, కాగితాలు నెమ్మదిగా మార్చుకోవచ్చు.

యాజమాన్యం మార్పుకు సంతకాలు చేసిన 29, 30 ఫారాలు చేతిలో ఉంటే చాలనుకుని ఏళ్లపాటు పాత యజమాని పేరు మీదే తిప్పేవారు ఉన్నారు. అదే రాష్ట్రంలో అమ్మకం జరిగితే అమ్మినవారు 14 రోజుల్లోగా, కొన్నవారు 30 రోజుల్లోగా రవాణా శాఖకు తెలియజేయాలని మోటారు వాహనాల చట్టం చెబుతోంది. రికార్డులో ఎవరి పేరుంటే ప్రమాద పరిహారానికి వారే బాధ్యులని 2018లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది కాబట్టి అమ్మేవారికీ ఇది అవసరమే. ఇన్సూరెన్స్‌ను 14 రోజుల్లోగా మీ పేరు మీదకు మార్పించుకోకపోతే, ఎదుటివారికి జరిగిన నష్టానికి పాలసీ వర్తించినా మీ కారు రిపేరు ఖర్చు రాదు. పాత యజమాని పాలసీలో కనిపించే నో క్లెయిమ్ బోనస్ (క్లెయిము చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) ఆయన సొంతం, అది కారుతో మీకు రాదు. కాబట్టి ప్రీమియం ఆయన కట్టినదానికన్నా ఎక్కువవుతుందని ముందే లెక్కలో వేసుకోండి.

అడ్వాన్సు ఇవ్వకముందే ఎం-పరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి, ఎన్నో ఓనరు, ఫైనాన్స్ ఉందా, ఇన్సూరెన్స్ ఎప్పటివరకు ఉంది అన్నవి చూడండి, పెండింగ్ చలాన్లు వెతకండి. ఆర్సీలో బ్యాంకు పేరుంటే, అప్పు తీరిపోయిందన్న మాటను నమ్మకుండా బ్యాంకు ఎన్‌వోసీ, ఆర్సీలో బ్యాంకు పేరు తీయించే 35వ ఫారం చేతికి వచ్చాకే డబ్బు ఇవ్వండి. ఛాసిస్ మీద చెక్కిన నంబరును ఆర్సీతో అంకె అంకె పోల్చండి. రిజిస్ట్రేషన్ గడువు సొంత కార్లకు 15 ఏళ్లు. 13 ఏళ్ల కారు కొంటే రెండేళ్లలోనే ఫిట్‌నెస్, రెన్యువల్ ఖర్చు మీ మీద పడుతుంది.

గుడివాడ మాస్టారు సెడాన్‌కు ఇచ్చిన అడ్వాన్సు ఐదు వేలు వదులుకున్నారు. నెల రోజులు ఆగి, ఒక బ్యాంకు ఉద్యోగి దగ్గర 2019 మోడల్ వ్యాగన్ఆర్ దొరికితే తెచ్చి చూపించారు. చేతిలో ఉన్న సొమ్ములో 35 వేలు ముందే పక్కన పెట్టమని చెప్పాను. అందులో నాలుగు టైర్లకు, బ్యాటరీకి, అన్ని ఆయిళ్లు మార్చడానికి 27 వేలు అయ్యాయి. పని పూర్తయ్యాక అమ్మగారు వెనుక తలుపు తీసుకుని ఎక్కి కూర్చున్నారు. గుడివాడ వెళ్లేదాకా మధ్యలో ఎక్కడా ఆపమని అడగలేదని మర్నాడు మాస్టారు ఫోన్ చేసి చెప్పారు.