‘ఫోన్ లాక్కుంటే సరిపోతుంది’: పిల్లలు, సోషల్ మీడియా, కొన్ని అపోహలు – వాస్తవాలు

గుంటూరులో టీనేజ్ పిల్లలకు కౌన్సెలింగ్ చేస్తాను. వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఇంటర్ పిల్లలే. వాళ్లను వెంటబెట్టుకొచ్చే అమ్మానాన్నలు కుర్చీలో సర్దుకోకముందే చెప్పే మాట ఒకటుంది: "ఫోన్ తీసేసుకున్నాం మేడం. ఇంకేం చేయమంటారు?" వాళ్ల ముఖంలో భయం చూస్తే కోప్పడబుద్ధి కాదు. కానీ మిగతా అపోహలన్నీ కలిపి చేసే నష్టం కంటే ఈ ఒక్క నమ్మకం చేసే నష్టమే ఎక్కువ. అందుకే దీని గురించే ఎక్కువ రాస్తున్నాను.

అపోహ: తేడా వస్తే ఫోన్ లాక్కుంటామని భయపెడితే పిల్లలు ఒళ్లు దగ్గర పెట్టుకుని ఉంటారు.

వాస్తవం: ఒళ్లు దగ్గర పెట్టుకోరు, మీకు చెప్పడం మానేస్తారు. బ్లాక్‌మెయిల్ చేసేవాడికి కావలసిందీ అదే.

ఒక ఇంటర్ ఫస్టియర్ కుర్రాడి సంగతి చెబుతాను, గుర్తుపట్టకుండా వివరాలు కొన్ని మార్చి. ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక అమ్మాయి పేరుతో రిక్వెస్ట్ వచ్చింది. మ్యూచువల్స్‌లో, అంటే ఇద్దరికీ కామన్‌గా ఉన్న ఫ్రెండ్స్‌లో, తన క్లాసువాళ్లు కనిపించేసరికి తెలిసినవాళ్ల అమ్మాయే అనుకున్నాడు. రెండు రోజులు చాటింగ్, ఆ తర్వాత వాట్సాప్ వీడియో కాల్. అవతల కదులుతున్నది ముందే రికార్డు చేసి పెట్టుకున్న వీడియో అని వాడికేం తెలుసు? కాల్ కట్ అయిన కాసేపటికే వాడి నగ్న వీడియో వాడికే వచ్చింది. దాని కింద వాడి ఫాలోవర్స్ లిస్టు స్క్రీన్‌షాట్. పెదనాన్న కూతురి పేరు చుట్టూ, ట్యూషన్ సార్ పేరు చుట్టూ ఎర్ర గీతలు. ‘పది నిమిషాల్లో 2,000 కొట్టు. లేకపోతే వీళ్లందరికీ వెళ్తుంది.’

వాళ్లమ్మ యూపీఐ పిన్ వాడికి తెలుసు. కొట్టాడు. గంట తిరక్కుండానే 5,000 అడిగారు. ఫ్రెండ్స్ దగ్గర అప్పు చేసి అదీ కట్టాడు. తర్వాత ఇంకా అడిగారు.

వాళ్ల నాన్న మిర్చి యార్డులో గుమాస్తా. కొడుకు అన్నం ముట్టడం లేదని, రాత్రిళ్లు నిద్రపోవడం లేదని, ఫోన్ పిచ్చి పట్టిందని నా దగ్గరికి తీసుకొచ్చారు. అప్పటికే ఫోన్ బీరువాలో పెట్టి తాళం వేశారు. లోపల ఫోన్ మోగితే అమ్మ తీసి చూస్తుందేమోనని కుర్రాడు ఆ బీరువా ఉన్న గది వదిలి రావడం లేదు. అది చూసి ఇంట్లోవాళ్లు అడిక్షన్ బాగా ముదిరిందనుకున్నారు.

"ముందే ఎందుకు చెప్పలేదు నాన్నా?" అని అడిగితే, "మార్కులు తగ్గాయని ఇంతకుముందొక ఫోన్ పగలగొట్టారు మేడం. ఇది తెలిస్తే నన్నే చంపేస్తారనుకున్నా" అన్నాడు. విషయం తెలిశాక ఆ తండ్రి నోట వచ్చిన మొదటి మాట మాత్రం, "నాతో చెప్తే నేను చూసుకునేవాణ్ణి కదరా." అంత ప్రేమ ఉన్న ఇంట్లోనే ఆ పిల్లాడు ఒంటరిగా నలిగిపోయాడు. నాన్న చూసుకుంటారన్న సంగతి వాడికి ముందు తెలియకపోవడమే అసలు నష్టం.

అమ్మాయిల తల్లిదండ్రులకే ఈ టెన్షన్ అనుకునేవాళ్లు ఇది రెండోసారి చదవండి. డబ్బు కోసం చేసే ఈ రకం బ్లాక్‌మెయిల్‌లో ఎక్కువగా చిక్కుతున్నది టీనేజ్ మగపిల్లలేనని అమెరికాలో ఎఫ్‌బీఐ కూడా హెచ్చరించింది.

అపోహ: ఎంతో కొంత ఇచ్చేస్తే వదిలేస్తారు.

వాస్తవం: ఇచ్చారంటే ఇవ్వగలరని వాళ్లకు తెలిసిపోయినట్టే. మళ్లీ అడుగుతారు. రూపాయి కూడా కట్టొద్దు, బతిమాలొద్దు. కంగారులో చాట్ డిలీట్ చేయొద్దు, అకౌంట్ తీసేయొద్దు. ముందు స్క్రీన్‌షాట్లు తీయండి: యూజర్‌నేమ్, ప్రొఫైల్ లింకు, బెదిరించిన మెసేజ్‌లు, వాళ్లిచ్చిన యూపీఐ ఐడీ, డబ్బు వెళ్లి ఉంటే యూటీఆర్ (లావాదేవీ) నంబరు. ఆ తర్వాత బ్లాక్ చేయండి. డబ్బు పోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు అవతలి ఖాతాలో ఆపే అవకాశం అంత ఎక్కువ. కేంద్ర ప్రభుత్వ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనూ ఫిర్యాదు ఇవ్వొచ్చు.

ఇలాంటి నగ్న ఫొటోలు నెట్‌లో పాకకుండా ఆపడానికి 18 ఏళ్లలోపు పిల్లల కోసం ‘టేక్ ఇట్ డౌన్’ అనే ఉచిత సేవ ఉంది, పెద్దవాళ్లకైతే ‘స్టాప్ ఎన్‌సీఐఐ’. ఫొటో మీ ఫోన్ దాటి ఎక్కడికీ వెళ్లదు. దాని నుంచి తయారైన ఒక కోడ్ మాత్రమే వెళ్తుంది. ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ లాంటి కంపెనీలు ఆ కోడ్‌తో పోల్చి చూసి, ఆ ఫొటో పోస్టయితే తీసేస్తాయి. వాట్సాప్ చాట్లలో మాత్రం ఇది పనిచేయదు.

ఇంకో మాట. ‘సాక్ష్యం’ అంటూ ఆ ఫొటోను బాబాయికి, మేనమామకు ఫార్వర్డ్ చేసే ఇళ్లున్నాయి. దయచేసి ఆ పని చేయకండి. మైనర్ పిల్లల అలాంటి ఫొటో ఎవరు పంపినా ఐటీ చట్టం 67బీ కింద నేరం. పైగా ఆ పిల్లాడు జన్మలో మర్చిపోలేడు.

అపోహ: పోలీసుల దాకా వెళ్తే పరువు పోతుంది.

వాస్తవం: ఈ భయం మీద నాకు విసుగు లేదు, దీన్ని పుట్టించే పుకార్ల మీద ఉంది. ‘పిల్లని స్టేషన్‌లో రాత్రంతా కూర్చోబెడతారంట’ అని ఎవరో అంటారు, ఇక ఆ కుటుంబం గడప దాటదు. పిల్లలపై లైంగిక నేరాలను అడ్డుకునే పోక్సో చట్టం 24వ సెక్షన్ చదివితే సగం భయం పోతుంది. స్టేట్‌మెంట్ పిల్లల ఇంట్లోగానీ, వాళ్లు కోరుకున్న చోటగానీ తీసుకోవాలి. వీలైనంత వరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి తీసుకోవాలి. యూనిఫాంలో రాకూడదు. ఏ కారణంతోనూ పిల్లల్ని రాత్రిపూట స్టేషన్‌లో ఉంచకూడదు. పేరు, ఫొటో, చదివే స్కూలు మీడియాలో రాకూడదు. మా పరిధి కాదని పంపేయడానికీ లేదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ కట్టాలి.

మైనర్ పిల్లల మీద ఇలాంటి నేరం జరిగిందని తెలిసినవాళ్లు పోలీసులకు తెలియజేయాలని పోక్సో చట్టమే చెబుతోంది. నేనైనా అంతే. ఆ సంగతి పిల్లలకు మొదట్లోనే చెప్పేస్తాను, దాచి మోసం చేయను.

మరి ఇంట్లో ఏం చేయాలి? ఏమీ జరగని మామూలు రోజున, అన్నం తినేటప్పుడో బండి మీద వెళ్లేటప్పుడో ఈ మాట అనండి: "ఆన్‌లైన్‌లో ఏ తలనొప్పి వచ్చినా ముందు నాకు చెప్పు. తిట్టను, ఫోన్ తీసుకోను." అన్నాక ఆ మాట నిలబెట్టుకోండి. ఒక్కసారి తప్పితే మళ్లీ నమ్మరు. దీనర్థం ఫోన్‌కి హద్దులు పెట్టొద్దని కాదు. రాత్రి ఇంట్లో అందరి ఫోన్లూ, మీవి కూడా, హాల్లో చార్జింగ్ పెట్టే నియమం ఎంతైనా మంచిది. రోజూ ఉండే నియమాన్ని పిల్లలు నాలుగు రోజులు గొణిగి ఒప్పుకుంటారు. చెప్పినందుకు పడే శిక్షను మాత్రం ఒప్పుకోరు.

ఇక మిగతావి గబగబా చెప్పేస్తాను.

‘స్నాప్‌చాట్‌లో పంపింది మాయమైపోతుంది.’ పోదు. ఇంకో ఫోన్‌తో ఫొటో తీస్తే మీకు నోటిఫికేషన్ కూడా రాదు.

‘మావాడిది ప్రైవేట్ అకౌంట్.’ రెండో అకౌంట్ ఉందేమో మెల్లగా అడగండి. ఇన్‌స్టాగ్రామ్ 2025లో మన దేశంలో టీన్ అకౌంట్లు తెచ్చింది. 16 ఏళ్లలోపు వాళ్లు సెట్టింగులు సడలించాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి. పుట్టిన సంవత్సరం తప్పు కొడితే ఇదంతా గాలికి పోతుంది.

‘పల్లెటూళ్లలో ఈ గోల లేదు.’ గ్రామీణ పిల్లల మీద చేసిన అసర్ 2024 సర్వేలో 14–16 ఏళ్ల వాళ్లలో నూటికి 82 మందికి స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చు. అంతకుముందు వారంలో చదువు కోసం వాడినవాళ్లు 57 శాతం, సోషల్ మీడియా కోసం వాడినవాళ్లు 76 శాతం.

‘రీల్స్ చూసే పిల్లలంతా డిప్రెషన్‌లోకి వెళ్తారు.’ 2023లో అమెరికా సర్జన్ జనరల్ వివేక్ మూర్తి ఇచ్చిన నివేదిక రోజుకు 3 గంటలు దాటితే కుంగుబాటు, ఆందోళన లక్షణాల ముప్పు రెట్టింపు అని చెప్పింది. తోడు దొరకని పిల్లలకు అక్కడ దొరుకుతోందనీ అదే నివేదికలో ఉంది. గంటలతో పాటు ఏం చూస్తున్నారో, చూశాక ఎలా ఉంటున్నారో గమనించండి.

‘ఆస్ట్రేలియాలోలా నిషేధిస్తే గొడవ వదిలిపోతుంది.’ 2025 డిసెంబర్ 10 నుంచి అక్కడ ప్రధాన సోషల్ మీడియా యాప్‌లలో 16 ఏళ్లలోపు వాళ్లకు అకౌంట్లు ఉండకూడదు. జరిమానా కంపెనీలకే, పిల్లలకో అమ్మానాన్నలకో కాదు. ఫలితం చూద్దాం. అప్పటిదాకా మన ఇంట్లో పిల్లలతో మాట్లాడక తప్పదు.

‘చచ్చిపోతానంటాడు కానీ, ఉత్త బెదిరింపు మేడం.’ దీన్ని మాత్రం గబగబా దాటలేను. బ్లాక్‌మెయిల్‌లో చిక్కుకున్న పిల్లలు ఆ మాటంటే నిజమనే అనుకోండి. ఒంటరిగా వదలకండి, ఆ ఫొటో గురించి ఆ రాత్రి ప్రశ్నలు వేయకండి, పక్కనే ఉండండి. పొద్దున్నే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. అప్పటిదాకా ఆగలేమనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి చేయండి. అది ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు.