మిర్చి మంట, వేణ్ణీళ్ల మంట

గుంటూరు మిరపకాయలు తుంచిన చేత్తో పొరపాటున కన్ను నలుపుకుంటే పుట్టే మంట, కాగిన నీళ్లు ఒంటిమీద పడితే పుట్టే మంట ఒకే ద్వారం గుండా మెదడుకు చేరతాయి. మిరపలో మంట పుట్టించే పదార్థమైన క్యాప్సైసిన్ మన నాడులను ఎక్కడ తాకుతుందో వెతుకుతూ డేవిడ్ జూలియస్ బృందం 1997లో ఒక గ్రాహక ప్రొటీన్‌ను, అంటే నాడుల మీద తలుపులా తెరుచుకుని సంకేతం పంపే ప్రొటీన్‌ను, గుర్తించింది. సుమారు 43 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడికి కూడా అదే తెరుచుకుంటుందని తేలింది. 2021లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతిని పంచుకున్న ఇద్దరిలో జూలియస్ ఒకరు.

స్నానం విషయంలో ఈ 43 చాలా విలువైన అంకె. ఎందుకంటే చర్మం దెబ్బతినడం దాదాపు 44 దగ్గర మొదలవుతుంది. అంటే ప్రమాదానికి కాస్త ముందే శరీరం హెచ్చరిస్తుంది. మోరిట్జ్, హెన్రిక్స్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1947లో ప్రచురించిన ప్రయోగాల ప్రకారం 44 డిగ్రీల వద్ద చర్మం కాలడానికి ఆరు గంటలు పడితే, 49 వద్ద పది నిమిషాల లోపే, 60 వద్ద దాదాపు అయిదు సెకన్లలోనే తీవ్రంగా కాలిపోతుంది. అయిదారు డిగ్రీల తేడా గంటలను నిమిషాలకు, నిమిషాలను సెకన్లకు కుదించేస్తుందన్నమాట.

అయితే ఆ హెచ్చరిక అందరికీ అందదు. మధుమేహం వల్ల పాదాల్లో స్పర్శ తగ్గిన మా నాన్నగారు ఒక పుష్యమాసపు సాయంత్రం గుంటూరులోని మా ఇంట్లో వేణ్ణీళ్ల బేసిన్‌లో కాళ్లు పెట్టుకుని, హాయిగా ఉందంటూ పావుగంట కూర్చున్నారు. మర్నాడు దుప్పటి మీద తడిమరక చూసి అమ్మ అడిగేదాకా, మడమ పక్కన రూపాయి బిళ్లంత బొబ్బ చిట్లిన సంగతి ఆయనకే తెలియలేదు. అలాంటివారికి నీటి వేడిని ఇంకొకరు చూసిపెట్టడం తప్పనిసరి.

పసిపిల్లల సంగతి వేరు. వారికి మంట తెలుస్తుంది గానీ పక్కకు జరగలేరు. చర్మం కూడా పలుచన. కాళ్లమీద పడుకోబెట్టుకుని చెంబుతో లాలపోసే పెద్దవారి అరచేతులు ఏళ్ల తరబడి పొయ్యి దగ్గర మొద్దుబారి ఉంటాయి కాబట్టి, మోచేతితో చూడటమే మంచిది. బిడ్డకు 37 లేదా 38 డిగ్రీలు చాలు. పెద్దలకు 40 దాటనక్కర్లేదు.

లెక్క కూడా తేలికే. 25 డిగ్రీల కుళాయి నీళ్లు పదహారున్నర లీటర్లకు మరుగుతున్న నీళ్లు మూడున్నర లీటర్లు చేరిస్తే ఇరవై లీటర్ల బకెట్ సుమారు 38 డిగ్రీలకు వస్తుంది. ముందు చన్నీళ్లు, తర్వాతే వేణ్ణీళ్లు. ఈ వరుస మారిస్తే, ఆడుకుంటూ వచ్చిన పిల్లవాడు చెయ్యి పెట్టేది మరిగిన నీళ్లలోనే. హీటర్ రాడ్‌తో కాచినప్పుడు వేడి నీరు తేలికై పైకి చేరుతుంది, రాడ్ కింది నీరు చల్లగానే ఉండిపోతుంది. కనుక స్విచ్ ఆపి, ప్లగ్ తీసి, రాడ్‌ను బయటపెట్టాక చెంబుతో అడుగు నుంచి కలియబెట్టి అప్పుడు చూడాలి. గీజర్ ట్యాంకులో న్యుమోనియా తెచ్చే లెజియోనెల్లా బ్యాక్టీరియా పెరగకుండా నీటిని 60 డిగ్రీల వద్ద ఉంచడం సబబే గానీ, ఆ నీళ్లు నేరుగా ఒంటిమీదకు రాకూడదు.

ఒకవేళ కాలితే వెంటనే ఉంగరాలు, గాజులు, తడిబట్టలు తీసి, అంటుకున్న బట్టను మాత్రం లాగకుండా, ఇరవై నిమిషాలు కుళాయి ధార కింద ఉంచాలి. ఐసు, సిరా, టూత్‌పేస్టు పనికిరావు. కాలింది పసిబిడ్డకైనా, ముఖం మీదైనా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.