గుప్పిట్లో దాగిన కట్
మా నల్లగొండ వైపు పద్మశాలీల ఊళ్లకు సాధనాశూరులు వచ్చేవాళ్లు. మగ్గాలు ఆపి మరీ వాళ్ల కనికట్టు చూసేవాళ్లం. ఒకాయన రూపాయి బిళ్లను కుడిచేతిలోంచి ఎడమ గుప్పిట్లోకి మార్చినట్టు చేసి, ఆ గుప్పిటనే చూస్తూ మెల్లగా ఊదేవాడు. తెరిస్తే ఖాళీ! బిళ్ల కుడిచెయ్యి దాటనే లేదు. ఆయన చూపు ఎటు పోతే మా చూపూ అటే పోయింది.

సినిమా తన తొలి మాయలు నేర్చుకున్నది ఇలాంటి వాళ్ల దగ్గరే. 1895 డిసెంబర్ 28న పారిస్‌లో లూమియేర్ సోదరులు వేసిన సినిమా ఆట చూసినవాళ్లలో జార్జ్ మెలియెస్ ఒకడు. అసలు పని ఇంద్రజాలం. 1888 నుంచే ఆయనకు సొంత మ్యాజిక్ థియేటర్ ఉంది. 1896లో ఒక చిన్న సినిమాలో స్త్రీని కుర్చీలో కూర్చోబెట్టి, గుడ్డ కప్పి, మాయం చేశాడు. కెమెరా ఆపారు, ఆమె లేచి పోయింది, మళ్లీ తిప్పారు. అందులో నాకు బాగా నచ్చేది ఒకటుంది: కుర్చీ వేసే ముందు నేలమీద వార్తాపత్రిక పరుస్తాడు. కింద దొంగతలుపు లేదని నమ్మించడం స్టేజీ మీది అలవాటు. సినిమాలో ఆ తలుపుతో పనే లేదు, అయినా పరిచాడు!

మనం ఎందుకు మోసపోతాం? 2006లో గుస్తావ్ కున్, మైకేల్ ల్యాండ్ అనే పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. ఇంద్రజాలికుడు బంతిని రెండుసార్లు పైకి ఎగరేసి, మూడోసారి ఎగరేసినట్టు నటిస్తూ పైకి చూడాలి. చూసినవాళ్లలో మూడింట రెండొంతుల మంది బంతి పైకి పోవడం కళ్లారా చూశామన్నారు. కంటి కదలికలు కొలిస్తే, వాళ్ల కళ్లు ఆ లేని బంతి వెంట పోనేలేదు. చాలామంది చూసింది అతని ముఖాన్నే. మోసపోయింది కన్ను కాదు, జరగబోయేదాన్ని ముందే ఊహించుకునే మెదడు. ఎడిటర్లు బతికేది కూడా ఆ ఊహ మీదే. హీరో పక్కకు చూస్తాడు, కట్, ఒక ఇల్లు కనిపిస్తుంది. అతను ఆ ఇంటినే చూస్తున్నాడని మనమే కలిపేసుకుంటాం.

మొన్న మా అన్న కొడుకు ఫోన్‌ను స్టాండుకు బిగించి, వాకిట్లో తనను తాను మాయం చేసుకున్నాడు. ఎక్కడో తేడా కొట్టింది. "చిన్నాయనా, ఫోన్ కదలలేదు గదా, ఎట్ల తెలిసిపోతుంది?" అన్నాడు. మళ్లీ మళ్లీ వేసి చూశాం. వెనక దండెం మీద ఆరేసిన నూలు చిలపలు గాలికి ఊగుతూ, వాడు మాయమైన క్షణంలోనే ఎగిరి పక్కకు పడ్డట్టున్నాయి.

మెలియెస్‌కూ ఇలాంటి తిప్పలే. కెమెరా ఆపినచోట బొమ్మలు సరిగ్గా కుదిరేవి కావు. ఫిల్మ్‌ను కత్తిరించి, పనికిరాని బొమ్మలు తీసేసి, చేత్తో అతికించేవాడు. అంటే ఆ మాయలో సగం కత్తెరదే. ఇది చెప్తే వాడు ఫోన్‌లో అతుకు దగ్గరి రెండు చివరలూ కొంచెం కొంచెం కోసి చూశాడు. చిలపలు కుదిరాయి, ఈసారి నీడ దొరికిపోయింది. ఇక లాభం లేదని నూలంతా లోపల పెట్టి, మిట్టమధ్యాహ్నం దాకా ఆగి మళ్లీ మొదలుపెట్టాడు.