గుసగుసతో గొంతుకు విశ్రాంతి దొరకదు: అపోహలు - వాస్తవాలు

అడ్వెంట్ (క్రిస్మస్‌కు ముందు వచ్చే సన్నాహ కాలం) మొదటి ఆదివారం మొదలుకొని ఈస్టర్ వేకువ ఆరాధన వరకు మా గాయక బృందానికి తీరిక ఉండదు. సికింద్రాబాదులో ఆల్టోలకు (స్త్రీలలో కింది స్థాయి గొంతులు), టెనర్లకు (పురుషులలో పై స్థాయి గొంతులు) పార్టులు, అంటే ఎవరు పాడే వరుస వారికి, నేర్పుతూ గడిపిన ఇన్నేళ్లలో ప్రతి డిసెంబరులోనూ ఒకే మాట వింటున్నాను: "గొంతు బొంగురుపోయింది మాస్టారూ, అందుకే రెండు రోజులుగా గుసగుసగానే మాట్లాడుతున్నాను." సరిగ్గా కచేరీకి ముందు మంచి గాయకులను మాకు దూరం చేస్తున్నది ఈ నమ్మకమే.

గుసగుస విశ్రాంతి కాదు. గుసగుసలాడేటప్పుడు చాలామంది తమకు తెలియకుండానే స్వరపేటికను బిగబట్టి గాలిని నెడతారు. అప్పటికే వాచి ఉన్న స్వరతంత్రులకు అది అదనపు శ్రమ. కీబోర్డు మీద మధ్య 'సి' (C) పైనున్న 'ఏ' (A) అనే స్వరాన్ని పాడినప్పుడు ఆ తంత్రులు సెకనుకు 440 సార్లు కంపిస్తాయి. వాచిన తంత్రులు ఆ వేగంతో ఒకదానికొకటి ఒరుసుకుంటే ఏమవుతుందో ఊహించండి. విశ్రాంతి అంటే మౌనం. తప్పనిసరైతే సహజమైన గొంతుతో, మెల్లగా, రెండు మూడు మాటలు. మాటిమాటికీ గొంతు సవరించుకోవడం కూడా తంత్రులకు దెబ్బే.

కొన్నేళ్ల క్రితం మా ఆల్టోలలో ఒక ఉపాధ్యాయురాలు పగలంతా పాఠాలు చెప్పి, రాత్రి క్యారల్ రౌండ్స్‌లో (వీధి వీధి తిరిగి క్రిస్మస్ పాటలు పాడటం) లారీ మీద నిలబడి, డ్రమ్ముల మోతను మించి వినిపించాలని రెండు గంటల దాకా పాడేవారు. కచేరీ నాలుగు రోజులుందనగా వచ్చి, తనను తీసేస్తారేమోనని కళ్లనీళ్లతో గుసగుసగా అడిగారు. ఆమె కుర్చీలోనే ఆమెను కూర్చోబెట్టి చేతికి పెన్సిల్ ఇచ్చాను. ఆ నాలుగు రోజులూ నోరు విప్పకుండా, తన పార్టును వేలితో అనుసరిస్తూ, ఎక్కడెక్కడ ఊపిరి తీసుకోవాలో ఆ వరుసలోని అందరి కాగితాల మీదా చిన్న చిన్న గుర్తులు పెట్టారు. కచేరీ నాడు రెండే పాటలు పాడారు, కానీ శుభ్రంగా పాడారు.

పచ్చిగుడ్డు, మిరియాల పాలు తంత్రుల మీద పూతలా పనిచేస్తాయన్నది రెండో అపోహ. మింగినదేదీ తంత్రులను తాకదు. ఒక్క చుక్క అటు పోయినా పొలమారి దగ్గుతాం. వేడి పాలు హాయినిస్తాయి, అంతే. అక్కడికి చేరేది ఆవిరి. నీళ్లు కూడా ఒంటికి పట్టి తంత్రుల దాకా తేమ చేరడానికి సమయం పడుతుంది కనుక వేదిక ఎక్కే ముందు కాక ఉదయం నుంచే తాగాలి.

బొంగురు రెండు మూడు వారాలైనా తగ్గకపోతే చెవి, ముక్కు, గొంతు వైద్యుడికి చూపించుకోవాలి. "వెళితే ఆపరేషన్ అంటారు, ఇక పాట పోయినట్టే" అనే పుకారు విని నెలల తరబడి దాచుకున్నవారిని చూశాను. వారి భయం నాకు అర్థమవుతుంది. కానీ పాడేవారిలో కనిపించే నాడ్యూల్స్‌కు (తంత్రుల మీద ఏర్పడే చిన్న బుడిపెలు) సాధారణంగా మొదటి చికిత్స విశ్రాంతి, స్వర శిక్షణే; శస్త్రచికిత్స కాదు. ఆ పుకారును మోసుకొచ్చేవారు దయచేసి మా సాధన గదిలోకి దాన్ని తీసుకురావద్దు.

మిగతావి త్వరగా చెబుతాను. స్టాఫ్ నొటేషన్ (ఐదు గీతల మీద రాసే స్వరలిపి) రానివారిని మేం చేర్చుకోం అన్నది నిజం కాదు. మాలో చాలామంది టానిక్ సాల్ఫా (డో, రే, మీ స్వరాలను అక్షరాలతో రాసే పద్ధతి) అక్షరాలతోనే పార్టులు నేర్చుకున్నారు. స్వరకర్త హాండెల్ బృందగాన కృతి 'మెస్సయ్య' క్రిస్మస్ కోసమే పుట్టిందన్నదీ సరికాదు: 1741లో రాసిన ఆ కృతిని మొదట వినిపించింది 1742 ఏప్రిల్ 13న, డబ్లిన్‌లో. అందులోని హల్లెలూయ కోరస్ క్రీస్తు మరణ పునరుత్థానాల తరువాత, రెండో భాగం చివర వస్తుంది. అందుకే ఈసారి దాన్ని డిసెంబరులో కాక ఈస్టర్‌కు ఉంచాం. అన్నిటికన్నా పై స్థాయిలో పాడే సొప్రానోల గొంతులకు కూడా ఆ వ్యవధి అవసరం.

ఈ ఏడాది చివరి క్యారల్ రౌండ్‌కూ కచేరీకీ మధ్య రెండు పూర్తి రోజులు ఖాళీ వదిలాం. గొంతు బొంగురుపోయినా సాధనకు రండి. మీ కుర్చీ మీకు ఉంటుంది, పెన్సిల్ నేను తెస్తాను.